కేతిగాడికి యజమాని ఎవరు?

“భీముడెవరు నాయనా?” అని యీ రోజుల్లో ఏ అయిదారేళ్ల పిల్లవాణ్ణయినా అడిగి చూడండి. జగ్గయ్యపేటలో అడిగినా, నందిగామలో అడిగినా మీకు దొరికే జవాబు ఒక్కటే. బకాసురుణ్ణి చంపిన వాడి సంగతి వాడెత్తడు. నారింజరంగు ధోవతి కట్టుకొని, లడ్డు నోట్లో పడగానే కండలు పొంగించి, యెంతటి దుష్టుణ్ణయినా గిరగిర తిప్పి విసిరేసే బుడతడి కథ మొదలుపెడతాడు. వాడికి చుట్కీ అనే స్నేహితురాలు వున్నదనీ, రాజు అనే చిట్టి నేస్తం వున్నాడనీ, మాటలు వచ్చిన కోతి పేరు జగ్గు అనీ, కాలియా అనే బండవాడు ఢోలూ భోలూ అనే కవలలను వెంటేసుకొని తగువుకు వస్తూ వుంటాడనీ గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతాడు. వాళ్లంతా ఢోలక్‌పూరు అనే వూళ్లో వుంటారు. ఆ వూరు ఏ జిల్లాలోదని మాత్రం అడక్కండి. ఏ జిల్లాలోనూ లేదు.

కోతికి జగ్గు అని పేరు పెట్టడం విని మా పేటలో ఒకరిద్దరు పెద్దలు ఉలిక్కిపడే వుంటారు. ఇక్కడ జగ్గయ్యలకు కొదవ లేదు, వాళ్లను ఇంట్లో ముద్దుగా పిలుచుకునే పేరు అదే మరి!

పేరు మాట వచ్చింది గనుక చెబుతాను. జగ్గయ్యపేటకు పూర్వం బేతవోలు అని పేరు. రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు అక్కడ పేట కట్టించి తన తండ్రి జగ్గయ్యగారి పేరు దానికి పెట్టారు. నాటినుంచీ ఆ పేరు అందరి సొత్తు. తన కొట్టు బోర్డు మీద ‘జగ్గయ్యపేట’ అని రాయించుకోవడానికి కిళ్లీకొట్టు ఆసామి ఎవరి అనుమతీ అడగనక్కర లేదు. కాని అదే బోర్డు మీద లడ్డు తింటున్న ఛోటా భీముడి బొమ్మ వేయించుకోవాలంటే మాత్రం అడగాలి. అడగకుండా వేయిస్తే చట్టం వూరుకోదు.

కాలం చెడిపోయింది, పిల్లలు పురాణాలు మరిచిపోయారు అని వాపోవడానికి నేనీ వ్యాసం రాయడం లేదు. పిల్లలను నవ్వించే బొమ్మ ఎవరి సొత్తు, అన్న ప్రశ్న నన్ను కొంతకాలంగా వేధిస్తున్నది. తల్లిదండ్రుల జేబుకూ, పిల్లల నవ్వుకూ, బొమ్మలు ఆడించి బతికిన కొన్ని కుటుంబాల కూటికీ సంబంధించిన ప్రశ్న అది.

ముందు ఆ బుడతడి పుట్టుపూర్వోత్తరాలు చెప్పాలి. వాడు పరదేశంలో పుట్టలేదు. మా వూళ్ల పక్కగా పోయే జాతీయ రహదారి ఎక్కి పడమరగా పోతే వచ్చే హైదరాబాదే వాడి పుట్టిల్లు. రాజీవ్ చిలక అనే ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదివి, అమెరికా వెళ్లి పైచదువు చదివి, అక్కడే బొమ్మలను కదిలించే విద్య నేర్చి వచ్చి, 2001లో గ్రీన్ గోల్డ్ యానిమేషన్ అనే సంస్థను హైదరాబాదులో నెలకొల్పారు. 2008లో పోగో అనే పిల్లల టి.వి. ఛానెల్‌లో ఛోటా భీమ్ మొదలయింది. 2012లో వాడు సినిమాహాళ్లకు కూడా ఎక్కాడు. 2019లో, మాటలు కూడా సరిగా రాని పసివాడుగా మారి నెట్‌ఫ్లిక్స్ ద్వారా దేశదేశాల ఇళ్లకు వెళ్లాడు. ఈ మధ్యకాలంలోనే బడిసంచుల మీదికీ, నీళ్ల సీసాల మీదికీ, పెన్సిలు డబ్బాల మీదికీ, చొక్కాల మీదికీ, పుట్టినరోజు కేకుల మీదికీ పాకాడు. హాస్యపాత్ర కాస్తా బ్రాండు అయిందన్న మాట.

బ్రాండు అనగా ఏమిటి? చదువురాని వాడు కూడా చూసీ చూడగానే పోల్చుకునే గుర్తు. ఈ విద్య యీనాటిది కాదు. జగ్గయ్యపేట పక్కన ధనంబోడు గుట్ట మీద ప్రాచీన బౌద్ధస్తూపం వుంది. 1882లో బర్జెస్ దొర దాన్ని తవ్వించాడు. అక్కడ దొరికిన చలువరాతి పలకల్లో ఒకదాని మీద చక్రవర్తి నిలుచుని చెయ్యెత్తితే మేఘాలలోనుంచి నాణేలు కురుస్తున్నట్టు చెక్కారు. చుట్టూ చక్రం, గొడుగు, ఏనుగు, గుర్రం, రాణి, కోశాధికారి, మంత్రి. ఆ గుర్తులన్నీ చూచి ఇతడు మాంధాత చక్రవర్తి అని పండితులు పోల్చుకున్నారు. సుమారు రెండువేల ఏళ్లనాటి ఆ శిల్పి ఎరిగిన కిటుకే నేటి కార్టూను చిత్రకారుడూ ఎరుగును. మనిషిని గుర్తులతో కట్టెయ్యాలి. అప్పుడే ఎక్కడ కనబడ్డా వాడు వాడే.

ఇందుకోసం కార్టూను కార్ఖానాలలో ‘మోడల్ షీట్’ అని ఒక కాగితం తయారుచేస్తారు. పాత్ర ఎదుటినుంచి ఎలా వుంటుంది, పక్కనుంచి ఎలా వుంటుంది, వీపు ఎలా వుంటుంది, తలకూ ఒంటికీ పొడవులో వాసి యెంత, ధోవతి రంగు ఖచ్చితంగా ఏది అన్నదంతా అందులో వుంటుంది. ఒక్క బొమ్మను పదులకొద్దీ మనుషులు గీస్తారు గనుక అందరి చేతిలోనూ అది ఒక్కలాగే రావాలి. రంగు మారితే పిల్లలు ఒప్పుకోరు. పాత్రను నల్లని నీడగా మార్చి చూసి, ఆ నీడను బట్టి కూడా పోల్చుకోగలిగితేనే ఆకారం కుదిరిందని లెక్క.

రంగు మారకూడదన్న పట్టింపు మా ప్రాంతం వారికి కొత్తగా నేర్పవలసిన పని లేదు. పెనుగంచిప్రోలులో మునేటి ఒడ్డున వెలసిన తిరుపతమ్మ, గోపయ్య మొదలైన మూర్తులను రెండేళ్లకొకసారి జగ్గయ్యపేట రంగుల మండపానికి వూరేగింపుగా తెచ్చి, రంగులు వేయించి, మళ్లీ భక్తితో సాగనంపుతారు. దేవతామూర్తులను ఆటబొమ్మలతో పోల్చడం నా వుద్దేశం కాదు. కాని ఎన్నిసార్లు రంగు వేసినా అమ్మవారి ముఖం అమ్మవారిదిగానే వుండాలన్న పట్టుదల వున్న జనానికి బొమ్మలోని గుర్తు విలువ ఒకరు చెప్పాలా?

నీడ మాట అన్నాను గదా, అక్కడే నాకు తోలుబొమ్మలాట గుర్తుకు వస్తుంది. కార్టూను అనే మాట పుట్టకముందు తెలుగుదేశానికి కదిలే బొమ్మల హాస్యం అదే. పదమూడవ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రలో బొమ్మలాటల ప్రస్తావన చేశాడు. మేక తోలును పారదర్శకంగా అయ్యేటట్టు గీకి, ఆరబెట్టి, బొమ్మ కత్తిరించి, చిన్న చిన్న చిల్లులు పొడిచి, రంగులు వేసి, వెదురుపుల్లకు కట్టి, తెల్లటి తెరకు ఆనించి ఆడిస్తారు. వెనుక దీపం. ఒకప్పుడు ఆముదపు దీపం, తర్వాత విద్యుద్దీపం. రాముడూ రావణుడూ నిలువెత్తు బొమ్మలు. వాళ్ల నడుమ, కథ బరువెక్కి జనం ఆవులించే వేళకు, పొట్టి బొమ్మలు మూడు తెరమీదికి ఎగిరి దూకుతాయి. నెత్తిన పిలక వూపుకుంటూ జుట్టుపోలిగాడు, వాడి పెళ్లాం బంగారక్క, వాళ్లిద్దరి మధ్యా అగ్గిపెట్టే కేతిగాడు.

నా చిన్నతనంలో మా మెట్ట వూళ్లలో పంటలు ఇళ్లకు చేరిన తరువాత యీ ఆట కట్టేవారు. రామాయణం ఎంతవరకు వచ్చిందో నాకిప్పుడు జ్ఞాపకం లేదు గాని బంగారక్క చీపురుకట్టతో మొగుణ్ణి తరిమిన తీరు మాత్రం నిన్న చూసినట్టుంది. ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వేవారు. కేతిగాడు లంకలో వున్నవాడు ఉన్నట్టుండి మా వూరి చెరువుకట్ట మీదికి వచ్చేవాడు. వడ్డీవ్యాపారి లెక్కనూ, మునసబు మీసాన్నీ, బియ్యం ధరనూ వేళాకోళం పట్టించేవాడు. ఆ పెద్దలు ముందు వరుసలోనే కూచుని వుండేవారు! కోపం తెచ్చుకుంటే ఇంకా నవ్వుతారని వాళ్లూ నవ్వేవారు. బొమ్మ అన్నదానికి తగవు పెట్టుకోవడం ఎవరివల్ల అవుతుంది?

ఈ ముగ్గురికీ యజమాని లేడు. ఏ మేళం వారైనా కేతిగాణ్ణి కత్తిరించుకోవచ్చు. నరసరావుపేట వైపు మేళమైనా, అనంతపురం వైపు మేళమైనా పిలక, పొట్ట, వంకర కాళ్లు చూసి జనం పోల్చుకునేవారు. పక్కనే వున్న కొండపల్లి బొమ్మల సంగతీ ఇంతే. తాడిచెట్టు ఎక్కే గీత కార్మికుడి బొమ్మనూ, అంబారీ ఏనుగునూ తెల్లపొణికి కర్రతో ఏ ఇంటివారైనా చెక్కవచ్చు. కొండపల్లి బొమ్మలకూ, ఆంధ్ర తోలుబొమ్మలకూ యీనాడు భౌగోళిక గుర్తింపు అనే చట్టరక్షణ లభించింది. అది చేతిపనికీ, ఆ ప్రాంతానికీ దక్కిన రక్షణ. కేతిగాడు అనే పాత్ర మాత్రం ఇప్పటికీ ఎవరి ఖాతాలోనూ లేడు.

కార్టూను పాత్రల చుట్టూ యీనాడు రెండు కంచెలు వున్నాయి. ఒకటి కాపీరైటు. మన దేశంలో 1957 నాటి చట్టం ప్రకారం రచయితకూ చిత్రకారుడికీ బతికినంత కాలం, ఆపైన అరవై ఏళ్లు ఆ హక్కు నిలుస్తుంది. రెండవది ట్రేడ్‌మార్కు. 1999 నాటి చట్టం ప్రకారం పదేళ్లకొకసారి రుసుము కట్టి పొడిగించుకుంటూ పోతే దానికి అంతమే లేదు. భీముడు అనే పేరు వ్యాసమహర్షి నాటిది, దాన్ని ఎవరూ మూటకట్టుకుపోలేరు. కాని ఆ నారింజ ధోవతి బుడతడి రూపం సంస్థ సొత్తు. అమెరికాలో 1928లో తెరకెక్కిన మికీ మౌసు తొలిరూపం 2024 జనవరి 1న గాని జనం సొత్తు కాలేదు. అదీ ఆ తొలిరూపం వరకే. తొంభై అయిదేళ్లంటే మూడు నాలుగు తరాలు!

ఇక కార్టూనులలో బ్రాండుల కథ మరీ చిత్రంగా వుంటుంది. 1949లో పుట్టిన రోడ్ రన్నర్ అనే పక్షినీ, దాన్ని పట్టుకోబోయే నక్కజాతి జంతువునూ మీ పిల్లలు చూసే వుంటారు. ఆ జంతువు ఎప్పుడూ ‘ఆక్మీ’ అనే కంపెనీనుంచి సామాను తెప్పించుకుంటుంది. రాకెట్టు తెప్పిస్తే అది తన మీదికే తిరుగుతుంది. స్ప్రింగు తెప్పిస్తే అది తననే లోయలోకి విసిరేస్తుంది. అలాంటి కంపెనీ ఎక్కడా లేదు. వుంటే ఎన్నడో దివాలా తీసి వుండును. ప్రకటనలు నమ్మి సామాను కొని, చేతులు కాల్చుకొని, మళ్లీ అదే కంపెనీకి వుత్తరం రాసే అమాయకుల మీద పరిహాసం అది. కేతిగాడి హాస్యం ఏ జాతిదో యిదీ ఆ జాతిదే.

1989లో మొదలయిన సింప్సన్స్ అనే హాస్య కార్టూనులో ఇంటాయన ‘డఫ్’ అనే బీరు పీపాలకు పీపాలు తాగుతాడు. అదీ లేని సరుకే. బీరు ప్రకటనలను వెక్కిరించడానికి కల్పించిన పేరు. కాని చూసేవాళ్లకు దాని మీద మోజు పుట్టింది. ఆస్ట్రేలియాలో ఇద్దరు సారాయి వ్యాపారులు నిజంగానే ఆ పేరుతో బీరు కాచి అమ్మారు. కార్టూను హక్కుదారులు కోర్టుకు వెళ్లారు. బొమ్మలోని పేరుప్రతిష్ఠలను వాడుకొని సరుకు అమ్మడం కుదరదని 1996లో తీర్పు వచ్చింది. ఎగతాళికి పుట్టిన పేరు కూడా చివరికి ఆస్తిగా మారి కోర్టుకు ఎక్కింది, చూశారా!

వీటితో పోలిస్తే మన భీముడి లడ్డు ఎంతో మేలు. అది ఏ కంపెనీ లడ్డూ కాదు. చుట్కీ తల్లి టున్‌టున్ మౌసీ చేసేది. శనగపిండి, పంచదార, నెయ్యి వున్న ప్రతి ఇంట్లోనూ చేసుకోగలిగింది. 1929లో పుట్టిన పొపాయి అనే నావికుడు పాలకూర తిని బలం తెచ్చుకునేవాడు. పాలకూర పండించే అమెరికా రైతులు 1937లో టెక్సాస్ రాష్ట్రంలో వాడికి విగ్రహమే నిలబెట్టారు. కథ రాసినవాడు బలానికి పాలకూరనూ, లడ్డునూ ఎంచుకున్నంత కాలం తల్లులకు ఇబ్బంది లేదు. కొట్లోనుంచి తెస్తేనే బలం వస్తుందనే పొట్లం ఏదైనా వాడి చేతిలో పెట్టిననాడు ఇబ్బంది మొదలవుతుంది.

అసలు తేడా ఇక్కడే వుందని నాకు తోస్తుంది. కేతిగాడు ఎవరినైనా వెక్కిరించగలడు, ఎందుకంటే వాడు ఏదీ అమ్మడు. సరుకు అమ్మే బొమ్మ మాత్రం మంచిగా, మర్యాదగా, అందరికీ నచ్చేటట్టు వుండి తీరాలి. సంచి మీద వున్న బొమ్మ సంచి ధర ఎక్కువయిందని నవ్వగలదా?

అయితే దీనికి రెండో పక్క కూడా వుంది. యజమాని లేని కేతిగాడు వూరందరినీ నవ్వించాడు, తనను ఆడించినవాడి కడుపు మాత్రం నింపలేకపోయాడు. తోలుబొమ్మలాట వారిలో చాలామంది ఆరె కులం వారు. ఇంట్లో మరాఠీ మాట్లాడుకుంటూ తెర వెనుక చక్కని తెలుగు పద్యం పాడేవారు. సినిమాలు, తరువాత టి.వి. వచ్చాక వాళ్ల ఆటకు పిలుపులు తగ్గిపోయాయి. వందల ఏళ్లు జనాన్ని నవ్వించిన పాత్ర మీద వాళ్లకు ఒక్క కానీ రాబడి లేదు. అనంతపురం వైపు నిమ్మలకుంటలో ఆ కుటుంబాల వారు అదే తోలుతో దీపపు గొడుగులూ, గోడకు తగిలించే బొమ్మలూ చేసి బతుకు నిలుపుకున్నారు. ఆ వూరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. సంతోషం. కాని బిరుదు ఒకరికి వస్తుంది, ఆకలి అందరికీ వేస్తుంది.

ఛోటా భీముడి వెనుక వున్న చిత్రకారులకు నెలనెలా జీతం అందుతున్నదంటే ఆ బొమ్మకు హక్కుదారు వుండడం వల్లనే. కనుక కంచె తప్పు అని నేననను. కంచె బొత్తిగా లేకపోతే నవ్వించేవాడు పస్తుంటాడు. కంచె మరీ ఎత్తయితే నవ్వు కూడా కొనుక్కోవలసి వస్తుంది. మధ్యేమార్గం చట్టం ఒక్కటే చూపలేదు. కొంత మన ఇళ్లలోనూ వుంది.

తిరునాళ్లలో బొమ్మల దుకాణాల ముందు నిలబడి చూస్తే యీ సంగతి బాగా అర్థమవుతుంది. ఆమధ్య ఒక దుకాణంలో ఆకుపచ్చ ధోవతి కట్టిన భీముడు కనబడ్డాడు. కన్ను ఒకటి చెవి దగ్గరకు పోయింది. పక్కన నిలబడ్డ పిల్లవాడు తల్లి చెయ్యి లాగి, “అమ్మా, వీడు దొంగ భీముడే!” అని అరిచాడు. అంత చిన్నవాడికి మోడల్ షీటు కంఠతా వచ్చు! ఆ తల్లి ధర అడిగి, అసలు సంచి ధర తలుచుకొని, ఒక్క నిట్టూర్పు విడిచి, ఏ బొమ్మా లేని నీలం సంచి కొన్నది. పిల్లవాడు మూతి ముడుచుకున్నాడు. “దీనిమీద నీకు కావలసిన బొమ్మ నువ్వే గీసుకో నాన్నా” అని ఆమె అన్నది. దొంగ భీముణ్ణి కొంటే గీసిన చేతికి దక్కవలసింది దక్కదు. అసలు భీముణ్ణి ప్రతి వస్తువు మీదా కొంటూ పోతే సంసారం సాగదు. ఆ ఇల్లాలు రెండూ తప్పించుకున్నది.

నేను చెప్పదలచింది కూడా అంతే. పిల్లలతో కూచుని కార్టూను చూడండి. నవ్వండి. ఎక్కడ నవ్విస్తున్నారో, ఎక్కడ అమ్ముతున్నారో ఆ తేడా కథలోనే వాళ్లకు చూపించండి. ఆక్మీ వారి రాకెట్టు ఎందుకు పేలలేదో, పేలినా ఎవరి మీద పేలిందో అడగండి. ఒక్కటి చూపిస్తే పదింటిని వాళ్లే పట్టుకుంటారు. ఇక తిరునాళ్లకూ, బడి వార్షికోత్సవాలకూ డప్పుల పాటలకు పెట్టే ఖర్చులో కొంత తీసి ఒక్కరాత్రి తోలుబొమ్మలాట వారిని పిలిపించండి. కేతిగాడికి హక్కుదారు లేడు గాని వాణ్ణి ఆడించే మనిషికి బస్సు ఛార్జీ కావాలి, భోజనం కావాలి, కూలి కావాలి. అవి మనం ఇచ్చుకోవాలి.

మా ఇంట్లో ప్రస్తుతం ఒక నాటక సమాజం నడుస్తున్నది. మా మనవరాలు పెళ్లి శుభలేఖ అట్టతో కేతిగాణ్ణి కత్తిరించి, చీపురుపుల్లకు అంటించి, దుప్పటి తెరకట్టి, వెనుక సెల్‌ఫోను దీపం పెట్టి ఆడిస్తున్నది. వాడు ‘మాయమయ్యే సబ్బు’ అమ్ముతాడు. మురికి పోదు, సబ్బు మాత్రం పోతుంది. రెండు కొంటే రెండూ పోతాయి. నిన్న రాత్రి వాడు నా కళ్లజోడు మీద కూడా ఏదో అన్నాడు. ముందు వరుసలో కూచున్నాను గనుక నవ్వక తప్పలేదు.